నీళ్లను బట్టి భూమి: పాలమూరు, నల్లగొండలో ఊరి కాపురానికి ఎంత కొనాలి?

ఊళ్లో ఇల్లు కట్టుకుని, చుట్టూ నాలుగు చెట్లు, ఒక బర్రె, తినడానికి ఇంత పంట ఉండాలనుకునేవాళ్లు మొదట అడిగేది ‘ఎన్నెకరాలు కొనాలి?’ అని. దక్షిణ తెలంగాణలో దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది. మే నెలలో ఆ భూమిలో రోజుకు ఎన్ని లీటర్ల నీళ్లు దొరుకుతాయి? పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా) వైపు ఏడాది వాన 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, నల్లగొండ వైపు కాస్త ఎక్కువ. చాలాచోట్ల కిందంతా గ్రానైటు రాయి. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడలో ఎకరం చేసే పని దేవరకొండ ఎర్ర చెల్క నేలలో మూడెకరాలు చేయవు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. నలుగురున్న ఇంటికి, బోరులో నికరంగా నీళ్లుంటే, ఎకరంన్నర చాలు. ఐదెకరాలు కొనాలంటే సేద్యమే బతుకుతెరువు అనుకోవాలి. ఐదు గుంటలు, పది గుంటలంటూ అమ్మే ఫామ్ ప్లాట్ల జోలికి పోవద్దు.

గుంటల్లో లెక్క వేసుకోండి

ఎకరానికి 40 గుంటలు. గుంటంటే 121 చదరపు గజాలు, 33 అడుగులకు 33 అడుగులు. ఎకరం 4,840 గజాలు. ఈ అంకెలు నోటికి వచ్చి ఉంటే అమ్మేవాడి మాటల్లో మతలబు తెలిసిపోతుంది. 605 గజాలు అంటే ఐదు గుంటలే. గజం 1,500 రూపాయలంటే చవకలాగే వినిపిస్తుంది, కానీ ఎకరం 72 లక్షల 60 వేలు పడ్డట్టు. పక్క గెట్టు రైతు ఎకరం ఎంత చెబుతున్నాడో కనుక్కుని రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ప్లాటు విస్తీర్ణంలో బాట వాటా కలిపారా లేదా అన్నది కూడా అడగండి. పది గుంటలని రాసిచ్చి, అందులో గుంటన్నర బాటకు పోగొట్టే వెంచర్లు చాలా ఉన్నాయి.

ఎకరంన్నర ఎలా తేలింది

నలుగురికి నెలకు 40 కిలోల బియ్యం అనుకుందాం. ఏడాదికి 480 కిలోలు, అంటే దాదాపు ఏడున్నర క్వింటాళ్ల వడ్లు. ఎకరానికి 25 క్వింటాళ్లు వచ్చే మడిలో 12 గుంటలు వేస్తే ఇంటికి సరిపోతుంది, అదీ వానకాలం ఒక్క కారులోనే. పప్పు నెలకు మూడు కిలోలైతే 55 కిలోల కందులు కావాలి. చెల్కలో వానాధారంగా ఎకరానికి మూడు, నాలుగు క్వింటాళ్లే వస్తాయి కాబట్టి ఎనిమిది గుంటలు పెట్టుకోండి. ఏడాదికి 30 లీటర్ల నూనెకు క్వింటాలు పల్లికాయ అవసరం. యాసంగిలో నీళ్లు పెట్టి పండిస్తే ఐదు గుంటలు. కూరగాయలకు మూడు గుంటలు.

ఇల్లు, వాకిలి, బండి తిరిగే జాగా కలిపి నాలుగు గుంటలు. కొట్టం, పెంటకుప్ప, గడ్డివాము రెండు గుంటలు. రెండు బర్రెలకు రోజుకు 60 కిలోల పచ్చిగడ్డి లెక్కన ఏడాదికి 22 టన్నులు. నీళ్లు పారించే నేపియర్ గడ్డి 12 గుంటల్లో వస్తుంది. ఎండుగడ్డి మాత్రం సొంతంగా తీరదు. రెండు బర్రెలకు నాలుగు టన్నులకు పైనే కావాలి, మన 12 గుంటల మడి ఆరేడు క్వింటాళ్లే ఇస్తుంది. వరి కోతలప్పుడు పక్క పొలాల్లో కట్టలు కొని వాము వేసుకోవాల్సిందే.

ఇప్పటికి 46 గుంటలు. నీటి కుంటకు ఆరు గుంటలు, మామిడి, నిమ్మ, జామ, మునగ లాంటి ఇంటి చెట్లకు ఎనిమిది గుంటలు కలిపితే సరిగ్గా 60. పల్లి వేసిన చోటే వానకాలంలో పెసర, మక్క వేసుకోవచ్చు, గట్ల మీద కంది పెట్టొచ్చు కాబట్టి కొంచెం వెసులుబాటు ఉంటుంది. బర్రెలు వద్దనుకుంటే ఎకరంలో సర్దుకోవచ్చు.

ఈ కుంట గురించి ఒక మాట. 600 మిల్లీమీటర్ల వాన ఎకరం మీద పడితే 24 లక్షల లీటర్లు. ఎర్రచెల్కలో అందులో కొంత భాగం కొట్టుకుపోతుంది. పైన 20 మీటర్ల చదరం, మూడు మీటర్ల లోతు, గోడలు ఒకటిన్నరకు ఒకటి వాలుగా తవ్వితే దాదాపు 7 లక్షల 40 వేల లీటర్లు పడుతుంది. గుంత నాలుగు గుంటలు తింటుంది, మట్టి కట్ట ఇంకో రెండు. చెల్క నేలలో అడుగున ప్లాస్టిక్ పట్టా పరచకపోతే కొన్ని వారాల్లోనే ఇంకిపోతుంది. ఇంకినా నష్టమేం లేదు, పక్కనున్న బోరుకు అదే ఊట.

బోరును డ్రమ్ముతో కొలవండి

పై లెక్కలో ఎండాకాలం ఖర్చు ఇది: ఇంటికి 400 లీటర్లు, బర్రెలకు 150, కూరగాయలకు 1,800, గడ్డికి 7,300. రోజుకు దాదాపు పదివేల లీటర్లు కావాలి. వానకాలంలో మడికి ఇంకా ఎక్కువే పోతుంది, కానీ అప్పుడు పైనుంచి వాన కూడా సాయపడుతుంది. గండం మేలోనే.

‘రెండించుల నీళ్లు’ అని అమ్మేవాళ్లు చెప్పే మాటను నమ్మకండి. మోటరు వేయగానే వచ్చే నీళ్లు ఊట నీళ్లు కావు, గొట్టంలో నిలిచిన నీళ్లు. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు ఆరున్నర లీటర్లు నిలుస్తాయి. 400 అడుగుల బోరులో 100 అడుగుల కింద నీళ్లుంటే దాదాపు 2,000 లీటర్లు ముందే నిండి ఉన్నట్టు. పది నిమిషాలు చూపించి ఆపేస్తే ఎండిన బోరు కూడా ధారగా పోసినట్టే ఉంటుంది. అందుకే ఏప్రిల్ చివర, మే మొదట్లో పోయి, నాలుగు గంటలు ఆపకుండా మోటరు నడిపించి, ఆ తర్వాత 200 లీటర్ల డ్రమ్ము పెట్టి గడియారం చూడండి. ఐదు నిమిషాల్లో నిండితే గంటకు సుమారు 2,400 లీటర్లు. ఎకరంన్నర సంసారానికి నాలుగైదు గంటల కరెంటుతో సరిపోయే నీళ్లవి. పది నిమిషాలు పడితే ఇంటికి, కూరగాయలకు, చెట్లకు మాత్రమే. మధ్యలో ఆగి ఆగి గాలి కక్కితే అది లెక్కలోకి రాదు.

పక్క గెట్టు మీద ఎన్ని బోర్లున్నాయో, గత రెండు మూడేళ్లలో ఎవరు కొత్తగా వేశారో అడగండి. కొత్త బోరు మీరు వేయాల్సి వస్తే నీరు, భూమి, చెట్ల సంరక్షణకు తెచ్చిన వాల్టా చట్టం (2002) కింద అనుమతి కావాలి, ఊరి మంచినీటి బోరు దగ్గర్లో ఇవ్వరు. బోరు బండి లోతు పెరిగిన కొద్దీ అడుగుకు ఎక్కువ రేటు తీసుకుంటుంది. నీళ్లు పడకపోయినా డబ్బులు అంతే.

ఉమ్మడి నల్లగొండలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు, నారాయణపురం వైపు కొనేవాళ్లు నీళ్లను ఫ్లోరైడ్‌కు పరీక్ష చేయించకుండా బయానా ఇవ్వొద్దు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు, పంటకు వాడుకోవచ్చు. మిషన్ భగీరథ నల్లా ఊరి దాకా వస్తుంది, ఊరికి కిలోమీటరు దూరంలో ఉన్న మీ ఇంటికి రాకపోవచ్చు. దానికి మంచి దారి ఇంటి కప్పే. వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద 600 మిల్లీమీటర్ల వానకు 44 వేల లీటర్లు పట్టుకోవచ్చు. నలుగురు తాగడానికి, వండుకోవడానికి మనిషికి ఐదు లీటర్ల లెక్కన ఏడాదికి 7,300 చాలు. పదివేల లీటర్ల సంపు, దాని ముందు ఇసుక, గులకరాళ్ల ఫిల్టరు కట్టి, తొలకరి మొదటి రెండు వానల నీళ్లు బయటికి వదిలేస్తే సరి.

ఇరవై గుంటలా, ఎకరంన్నరా, మూడా, ఐదా?

ఇరవై గుంటల్లో ఇల్లు, కూరగాయలు, కోళ్లు, పాతిక ముప్పై చెట్లు బాగా కుదురుతాయి. పింఛను మీదో, ఇంటి నుంచి చేసే ఉద్యోగం మీదో బతికేవాళ్లకు ఇదే మంచి కొలత. ఇద్దరు ముసలివాళ్లు పొద్దున రెండు గంటలు, సాయంత్రం గంట పని చేస్తే చక్కబెట్టుకోగలరు. బియ్యం, గడ్డి కొనుక్కోవాలి. ఇంతకంటే తక్కువైతే చట్టం చిక్కు ఉంది. లేఅవుట్ అనుమతి లేకుండా 20 గుంటల కంటే చిన్న ముక్కలుగా కోసి ఫామ్ ప్లాట్లని అమ్మడాన్ని పంచాయతీరాజ్ చట్టం (2018) ఒప్పుకోదు. ఎలాగో రిజిస్ట్రేషన్ చేయించినా ఇంటి అనుమతి దగ్గర ఆగిపోతుంది. పాతిక మందిని ఒకే సర్వే నంబరులో కలిపి, విడదీయని వాటా రాసిచ్చే పద్ధతి ఇంకా ప్రమాదం. మీ ముక్క ఎక్కడుందో కాగితంలో ఉండదు.

ఎకరంన్నర గురించి చెప్పాం. దీనికి ఇంట్లో ఒకరు పూర్తిగా, ఇంకొకరు సగం పూట భూమి మీద ఉండాలి. దున్నడానికి ట్రాక్టరు కిరాయికి దొరుకుతుంది, కానీ ఇంత చిన్న మడులకు రావడానికి డ్రైవర్లు విసుక్కుంటారు. రోహిణి పోయి మృగశిర వచ్చాక, అందరూ ఒకేసారి పిలిచే రోజుల్లో మీ వంతు చివరే. పవర్ వీడర్ ఒకటి కొనుక్కుంటే ఆ బాధ తప్పుతుంది.

మూడెకరాలంటే ఇంటి తిండికి తోడు ఒక అమ్మకం పంట. నల్లగొండ వాళ్లకు వెంటనే గుర్తొచ్చేది బత్తాయి. ఆరు మీటర్ల ఎడంలో ఎకరానికి 110 చెట్లు. కాపుకొచ్చిన చెట్టుకు మేలో రోజుకు వంద లీటర్ల చొప్పున ఎకరంన్నరకు 16,500 లీటర్లు, ఇంటి లెక్కతో కలిపి 26,500. అంటే అదే డ్రమ్ము మూడు నిమిషాల లోపు నిండాలి, ఆరు గంటలు అలాగే పోయాలి. అంత లేని చోట బత్తాయి పెడితే ఐదో ఏడు, ఆరో ఏడు, సరిగ్గా కాపు అందుకునే వేళకు ట్యాంకర్లు తోలాల్సి వస్తుంది. ఐదువేల లీటర్ల ట్యాంకరు రోజుకు మూడు తోలించుకుంటూ తోట బతికించుకున్నవాళ్లు, చివరికి నరికేసినవాళ్లు ఈ జిల్లాలో తక్కువేం లేరు. నీళ్లు అంతంతమాత్రమైతే ఐదు మీటర్ల ఎడంలో సీతాఫలం మేలు. ఎకరానికి 160 చెట్లు, మొదటి రెండు ఎండాకాలాలు గడిపిస్తే తర్వాత వానతో నెగ్గుకొస్తుంది. ‘బాలానగర్’ రకం పేరే పాలమూరు జిల్లా ఊరిది. మామిడి పది మీటర్ల ఎడంలో ఎకరానికి 40 చెట్లే, కానీ కొల్లాపూర్ వైపు ఎర్ర నేలలకు అది అలవాటైన పంట.

ఐదెకరాల దగ్గర లెక్క మారిపోతుంది. సర్కారు లెక్కల్లో రెండున్నర ఎకరాల దాకా సన్నకారు, ఐదెకరాల దాకా చిన్నకారు రైతు. అంటే ఐదెకరాలన్నది ఒక కుటుంబం పూర్తిగా సేద్యం మీద బతికే కొలత. పత్తి వేస్తే ఏరడానికి కూలీలు, వరి వేస్తే రెండు బోర్లు, తోట పెడితే ఒక జీతగాడు, అతనికి ఉండటానికి గది. పట్నం నుంచి వచ్చి ఐదెకరాలు కొన్నవాళ్లు సాధారణంగా ఇంటి చుట్టూ ఎకరం చేసుకుని మిగతాది వదిలేస్తారు. ఒక్క ఏడాది వదిలితే వయ్యారిభామ, మూడేళ్లు వదిలితే సర్కారు తుమ్మ. ఆ వేళ్లు పీకించడానికి జేసీబీ పిలవాలి. రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలు వస్తుందని ఎక్కువ కొనడం తెలివైన పని అనిపించుకోదు, కంచె వేసిన ఖర్చే దానితో ఏళ్ల తరబడి తీరదు. కౌలుకిద్దామంటే నీళ్లున్న భూమికే కౌలుదారు దొరుకుతాడు.

పదెకరాలు, ఆపైన? గొర్రెల మందో, పెద్ద తోటో పెట్టేవాళ్లకు. ఇంటి కాపురం కోసం అడిగేవాళ్లకు దాని గురించి చెప్పాల్సింది లేదు.

నేల మారితే కొలత మారుతుంది

పై లెక్కంతా బోరున్న ఎర్రచెల్కకు. అచ్చంగా వానాధారమైతే బియ్యం ఆశ వదులుకుని జొన్న, కంది, ఆముదం మీద ఉండాలి. జొన్న ఎకరానికి ఐదు క్వింటాళ్లే అనుకోండి, తిండిగింజకు ఒక ఎకరం, సాళ్ల మధ్య కంది, చొప్ప బర్రెలకు. వాన తప్పిన ఏడాదికి కొంచెం ఎడం కలిపి మూడెకరాలు చూసుకోవాలి.

అలంపూర్, మక్తల్, నారాయణపేట వైపు నల్లరేగడి పదును నిలుపుకుంటుంది. యాసంగిలో ఒక్క తడి లేకుండా శనగ పండుతుంది. రెండున్నర ఎకరాలు చాలు. కానీ ఆ మట్టి ఎండకు నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బుతుంది. మామూలు పునాది మీద కట్టిన గోడలు బీటలు వారతాయి, కాబట్టి పిల్లర్లు, ప్లింత్ బీమ్ ఖర్చు ముందే కలుపుకోండి. వానకాలంలో బండి ఇంటి దాకా రావాలంటే బాటకు మొరం కొట్టించాలి.

కాలువ కింద, అంటే సాగర్ ఎడమ కాలువ, జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల, ఏఎమ్మార్పీ (అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) ఆయకట్టుల్లో, ఎకరం చాలు. రేటు ఎక్కువ, నీళ్లకు బెంగ తక్కువ. అయితే చివరి ఆయకట్టు సంగతి వేరే, తూము మొదట్లో ఉన్నవాళ్లు తడుపుకున్నాకే కిందికి వస్తాయి. జలాశయం నిండని ఏడాది యాసంగికి వదలరు. చుట్టూ వరి మడులుంటే ఇల్లు కట్టే జాగా రెండు, మూడడుగులు ఎత్తు చేయాలి, లేదంటే గోడలు ఏడాది పొడవునా చెమ్మగిలుతుంటాయి. నీళ్లు ఎప్పుడూ నిలిచే చోట తెల్లగా సౌడు తేలిందేమో చూడండి. సౌడు నేలలో చాలా చెట్లు బతకవు.

ఆకారం, కంచె, బాట

ఒకే ఎకరం, రెండు ఆకారాలు. చదరంగా ఉంటే భుజం 209 అడుగులు, చుట్టుకొలత 836. అదే 66 అడుగుల వెడల్పు, 660 పొడవున్న పట్టీ అయితే చుట్టుకొలత 1,452. పదడుగులకో రాతి కడీ లెక్కన మొదటిదానికి 84, రెండోదానికి 145. ఐదు వరుసల ముళ్లతీగ మొదటిదానికి 1,275 మీటర్లు, రెండోదానికి 2,200 దాటుతుంది. ఏడడుగుల కడీని అడుగున్నర, రెండడుగులు పాతి, మూలల్లో రెండు వైపులా ఏటవాలు ఊతం ఇవ్వాలి. అది ఇవ్వకపోతే తీగ బిగించినప్పుడే మూల కడీ లోపలికి వాలిపోతుంది.

చిన్న భూమికి కంచె భారం ఎక్కువ. ఇరవై గుంటల చదరానికి 590 అడుగులు, పది రెట్లున్న ఐదెకరాలకు 1,867 మాత్రమే. ముళ్లతీగ పశువులను ఆపుతుంది, అడవి పందులను ఆపదు. వాటికి కింది మూడడుగులు జాలీ వేసి అర అడుగు నేలలో పూడ్చాలి. కోతులకు కంచె లేదు. కోతుల గుంపు తిరిగే ఊళ్లలో రైతులే పల్లి, కూరగాయలు మానేశారు. నల్లమల అంచున కొనేవాళ్లు ఆ ఊరి వాళ్లు ఏ పంటలు మానేశారో అడిగి చూడండి.

బాట లేని భూమి ఎంత చవకైనా వద్దు. గ్రామ నక్షలో బాట గీసి ఉండాలి, మీ సర్వే నంబరు దాకా అది రావాలి. ‘అందరం ఇట్లనే పోతం’ అన్న మాట గెట్టు రైతు చనిపోయి కొడుకులు పంచుకునేదాకే చెల్లుతుంది. బోరు బండి, ఇసుక లారీ రావాలంటే పన్నెండు అడుగులైనా కావాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఎంత దూరంలో ఉందో, దానిమీద ఎన్ని మోటర్లున్నాయో చూడండి. 25 కేవీఏ మీద ఐదు హెచ్‌పీ మోటర్లు ఇప్పటికే ఐదుంటే మీది ఆరోది అవుతుంది, కాలిపోయేది ఎండాకాలంలోనే. వ్యవసాయ కనెక్షను మోటరుకే, ఇంటికి వేరే మీటరు తీసుకోవాలి.

కాగితాలు

వ్యవసాయ భూమిని తెలంగాణలో రైతు కానివాళ్లు కూడా కొనొచ్చు. విదేశాల్లో స్థిరపడ్డ ఎన్నారైలు మాత్రం ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనల వల్ల కొనలేరు. భూభారతి పోర్టల్‌లో పట్టాదారు పేరు, విస్తీర్ణం చూశాక నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడండి. అసైన్డ్ భూమి, చెరువు శిఖం, వక్ఫ్, దేవాదాయ, భూదాన్ భూములు కొంటే డబ్బు పోయినట్టే. అమ్రాబాద్ వైపు ఏజెన్సీ ఊళ్లలో గిరిజనేతరులకు 1/70 చట్టం అడ్డు. ఖాస్రా పహాణీ (1954-55) నుంచి పాత పహాణీలు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి పేర్లు వరుసగా కలుస్తున్నాయో లేదో సరిచూడండి. సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్ల కాగితం) మీద చేతులు మారిన భూమిలో పట్టా ఒకరిది, మోకా మీద, అంటే పొలంలో, ఇంకొకరు ఉంటారు. చౌటుప్పల్, ఆమనగల్లు, షాద్‌నగర్ చుట్టూ అయితే రీజినల్ రింగ్ రోడ్డు ఏ సర్వే నంబర్ల మీదుగా పోతుందో కూడా చూడాలి.

వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దార్ దగ్గరే, స్లాటు బుక్ చేసుకుని. స్టాంపు డ్యూటీ, ఇతర రుసుములు కలిపి 7.5 శాతం. ఇల్లు కట్టే నాలుగైదు గుంటలను మాత్రం నాలా కింద (వ్యవసాయేతర భూమిగా) మార్పించుకుని గ్రామపంచాయతీ అనుమతి తీసుకోండి. మొత్తం మార్పిస్తే రుసుం పెరగడమే కాక రైతు భరోసా, వ్యవసాయ కరెంటు రెండూ పోతాయి.

బయానా ఇచ్చే ముందు సర్వేయరుతో టిప్పన్ (సర్వే కొలతల నక్ష) పట్టుకుని కొలిపించి, నాలుగు గెట్ల రైతులను పిలిచి వాళ్ల ఎదుటే హద్దురాళ్లు పాతించండి. పుస్తకంలో ఎకరం 20 గుంటలున్నది మోకా మీద ఎకరం 14 రావడం మామూలే, ఆ ఆరు గుంటల డబ్బు తగ్గించాకే అగ్రిమెంటు రాసుకోండి. దస్తావేజులో విస్తీర్ణంతో పాటు బాట హక్కు, బోరు, మోటరు, స్టార్టరు, కరెంటు సర్వీసు నంబరు మీ పేరుకు మారుస్తామన్న మాట విడిగా రాయించండి. అమ్మిన మనిషి మోటరు విప్పుకుపోతే, ఆ సర్వీసు నంబరు మీద పాత బకాయి బయటపడితే, అడగడానికి ఆ ఒక్క వాక్యమే ఆధారం.